ఒకే జాబితా

శరణు కోరి వచ్చినవారికి సాయం చేసే సంస్థలన్నీ ఒక్కతాటి మీదికి రావాలంటే ఎవరూ కాదనరు. నాకు మాత్రం అక్కడే ఒక సందేహం తెమలడం లేదు. సంస్థలు కలిసినప్పుడు జాబితా కూడా ఒకటే అవుతుంది. అందులో పేరు లేని మనిషి ఇంకెవరి దగ్గరికి వెళ్లాలి? హైదరాబాద్‌లో బాలాపూర్ చుట్టుపక్కల ఉంటున్న రోహింగ్యాలనే చూడండి. మయన్మార్‌లో 1982 నాటి పౌరసత్వ చట్టం వాళ్లను పుట్టినగడ్డ మీదే పరాయివాళ్లను చేసింది. 2012లో రఖైన్‌లో చెలరేగిన హింస, 2017లో సైన్యం దాడులు ఊళ్లే లేకుండా చేశాయి. ఇక్కడ వాళ్లకున్న ఆధారమల్లా ఐక్యరాజ్యసమితి శరణార్థి సంస్థ ఇచ్చే కార్డు. 1951 శరణార్థుల ఒప్పందం మీద మన దేశం సంతకం చేయలేదు కాబట్టి, ఆ కార్డు ఉన్నంత మాత్రాన చట్టం దృష్టిలో హోదా రాదు. బ్యాంకు ఖాతా తెరవబోతే ఆధార్ అడుగుతారు. సిమ్ కార్డు దగ్గరా అదే మాట. దరఖాస్తు ఇంకా తేలనివారికి ఆ కార్డు కూడా ఉండదు, విచారణలో ఉందని చెప్పే కాగితం తప్ప.

ఎవరికి వారు సాయం చేస్తే ఏమవుతుందో తెలిసిందే. దుప్పట్లు పంచేవారు నలుగురు వస్తారు, కాన్పుకొచ్చిన మనిషి వెంట ఆసుపత్రికి వెళ్లి ఆమె మాటను డాక్టరుకు చెప్పేవారు ఒక్కరూ ఉండరు. అందుకే, పేరులోనే స్వచ్ఛంద సంస్థల సమాఖ్య అయిన కోవా, ఐక్యరాజ్యసమితి సంస్థతో కలిసి నగరంలో చేస్తూ వచ్చిన పనికి విలువ ఉంది. ఒకరి లెక్క ఇంకొకరికి తెలిస్తే ఒకే ఇంటికి రెండుసార్లు బియ్యం వెళ్లవని అంటారు. నిజమే. కానీ రెండుసార్లు బియ్యం అందితే జరిగే నష్టమెంత? ఒక్కసారీ అందకపోతే జరిగేదెంత? ఈ రెండింటినీ ఒకే త్రాసులో పెట్టడానికి నాకు మనసొప్పదు. మసీదు కమిటీ కాదన్నా చర్చివాళ్లు పెడతారు, వాళ్లూ కాదంటే బస్తీ మహిళా సంఘం పెడుతుంది. ఈ అస్తవ్యస్తంలోనే కాగితం లేనివాడికి కాస్త చోటుంది. సాయం చేసే పని కలుపుకోవచ్చు, ఎవరు అర్హులో తేల్చే అధికారం మాత్రం కలపకూడదు.

ఇదంతా ప్రభుత్వం చేయాల్సిన పని కదా, సంస్థలు మీద వేసుకుంటే ప్రభుత్వం తప్పించుకోదా అన్నది ఇంతకన్నా గట్టి అభ్యంతరం. చక్మా శరణార్థుల కేసులో 1996లో సుప్రీంకోర్టు, పౌరుడైనా కాకపోయినా ప్రతి మనిషి ప్రాణాన్నీ రాజ్యం కాపాడాల్సిందేనంది. 2021లో రోహింగ్యాల విషయానికి వచ్చేసరికి, దేశం నుంచి పంపించేయకుండా ఉండే హక్కు పౌరులకే చెందుతుందని, పద్ధతి ప్రకారమైతే పంపవచ్చని చెప్పింది. ఈ రెండు తీర్పుల మధ్య బతికే మనిషిని, ప్రభుత్వం కదిలేదాకా ఆగమనడం అన్యాయం. అయితే ప్రభుత్వాన్ని కదిలించే చోట నా వాదన నాకే ఎదురు తిరుగుతోంది. రోహింగ్యా పిల్లలు ప్రభుత్వ బడులకు వెళ్లి చేర్చుకోమని అడగవచ్చనీ, కాదంటే హైకోర్టుకు పోవచ్చనీ 2025 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు చెప్పింది. రోజు కూలి మీద బతికే తండ్రి హైకోర్టుకు ఒంటరిగా ఎలా పోతాడు? అర్హుల్ని తేల్చే దగ్గర విడివిడిగా ఉండమన్న ఆ సంస్థలే అక్కడ ఒక్క వకాలత్తు మీద నిలబడాలి. ఏ పిల్లల కోసం కేసు వేయాలో తేల్చడానికి వాళ్లకు మళ్లీ ఒక జాబితా కావాలి.