గోడకెక్కిన సింహం తల

వేట మన ధర్మంలో నిషిద్ధం కాదు. శిక్షణ పొందిన జంతువులు పట్టి తెచ్చిన వేటను మాయిదా సూరా ధర్మసమ్మతం చేసింది. ఇహ్రాంలో ఉన్నవారికి మాత్రం నేలమీది వేటను వారించింది. ఆకలి తీర్చుకోవటానికి వేటాడటం ఒకటి. దక్షిణాఫ్రికాకో, జింబాబ్వేకో వెళ్లి, రుసుము చెల్లించి సింహాన్ని చంపి, దాని తలను, తోలును ఇంటికి తెచ్చుకోవటం మరొకటి.

కోరలతో వేటాడే మృగాల మాంసం మనకు నిషిద్ధం. మరి ఆ సింహాన్ని చంపింది దేనికి? గోడకు తగిలించటానికే కదా! 2015లో జింబాబ్వేలోని హ్వాంగే జాతీయ పార్కు సమీపంలో సెసిల్ అనే సింహాన్ని ఒక విదేశీ వేటగాడు బాణంతో గాయపరిచాడు. అది గంటల తరబడి బాధపడిన తర్వాతే చచ్చింది. ప్రాణమున్న జీవిని గురిగా పెట్టుకోవటాన్ని దైవప్రవక్త (స) వారించారు. పిచ్చుకను సయితం హక్కు లేకుండా చంపితే అల్లాహ్ ప్రశ్నిస్తాడని, జిబహ్ చేసి తినటమే దాని హక్కని, తల కోసి పారేయటం కాదని హదీసులో ఉంది. పిచ్చుక సంగతే ఇలా ఉంటే!

ఆ రుసుము అడవుల రక్షణకు, మాంసం గ్రామస్తులకు చేరుతుందని కొందరంటారు. నమీబియాలో కొన్నిచోట్ల ఇది నిజమే. జింకల విషయంలో ఆ మాటకు కొంత విలువుంది (జిబహ్ సక్రమంగా జరిగిందా అన్నది వేరే ప్రశ్న). సింహానికి ఆ సాకు కూడా లేదు. ఆస్ట్రేలియా 2015లోనే సింహాల తలలు, తోళ్లు వేట గుర్తులుగా తమ దేశంలోకి రాకుండా నిషేధించింది.

"పదును పెడితే తోలు పరిశుద్ధమవుతుంది కదా" అని అడిగేవారున్నారు. పరిశుద్ధత వేరు, వాడుక వేరు. క్రూరమృగాల తోళ్లను పరుచుకోవటాన్ని, వాటిపై స్వారీ చేయటాన్ని ప్రవక్త (స) వారించినట్లు అబూదావూద్, తిర్మిజీ హదీసు గ్రంథాల్లో మనం చూస్తాము.