చొరవ, చొరబాటు



పిల్లల ఇంగ్లీషు వాచకంలో 'ఇన్వేడ్' అనే క్రియ వచ్చిందనుకోండి. అర్థమేమిటని అడిగితే ఏం చెబుతారు? దండెత్తు, ఆక్రమించు, చొరబడు, మీదపడు - ఇందులో ఏదో ఒకటి చెబుతాం, పిల్లవాడు రాసుకుంటాడు. ఆ మాట లాటిను నుంచి వచ్చింది. అక్కడ దాని మొదటి అర్థం 'లోనికి నడచుట', అంతే. కత్తీ, పగా తరువాత వచ్చి చేరాయి.

మన తెలుగులోనూ ఇదే తమాషా. చొరు అంటే ప్రవేశించడం. దానినుంచే చొరబాటు వచ్చింది, చొరవ కూడా వచ్చింది. "ఆయనకు మా ఇంట్లో చొరవ ఉంది" అంటే అది చనువు, ఆత్మీయత. శరణుజొచ్చాడు అన్నప్పుడూ అదే క్రియ. దొంగ, చుట్టం, ప్రాణభయంతో పరుగెత్తి వచ్చినవాడు - ముగ్గురూ దాటేది ఒకే గడప. యాత్ర అన్న మాటా అంతే. ఫిబ్రవరిలో గుణదల మాత తిరునాళ్లకు మన విచారణలనుంచి వెళ్లేది యాత్ర, రాజులు సైన్యంతో వెళ్లింది దండయాత్ర.

అందుచేత ఏ రాకను ఆక్రమణ అనాలన్నది నిఘంటువు తేల్చే సంగతి కాదు. ఇది న్యాయాన్యాయాల ప్రశ్న. మన ప్రాంతపు చరిత్రే చూడండి.

పొన్నూరుకు దిగువన, సముద్రం ఒడ్డున నిజాంపట్నం ఉంది. 1611లో 'గ్లోబ్' అనే ఓడలో ఈస్టిండియా కంపెనీవారు అక్కడికి వచ్చారు. సరుకు తెచ్చారు, బట్టలు కొంటామన్నారు. దీన్ని ఎవరూ దండయాత్ర అనలేదు, అనడానికి కారణమూ లేదు. 1766లో నిజాముతో ఒప్పందం కుదిరి ఉత్తర సర్కారులు కంపెనీ పరమయ్యాయి. గుంటూరు సర్కారు మాత్రం బసాలత్ జంగ్ బ్రతికి ఉన్నంతకాలం ఆయనకే ఉండాలన్నారు. ఆయన 1782లో పోయాడు. 1788లో గుంటూరు కూడా కంపెనీకి చేరింది. నూట డెబ్బై ఏడేళ్లు! కొనుగోలుకు వచ్చినవాడు శిస్తు వసూలు చేసేవాడయ్యాడు. ఇందులో ఏ రోజున 'చొరబాటు' జరిగింది? వేలు పెట్టి చూపించండి చూద్దాం. చూపించలేం.

1816లో పిండారీలు గుర్రాలమీద వచ్చి గుంటూరు పట్టణాన్ని, చుట్టుపక్కల ప్రాంతాలను దోచారు. వారిది దండయాత్రేనని అందరికీ తెలుసు. కంపెనీ విచారణ జరిపించి లెక్క తేల్చింది: పదకొండున్నర రోజులు, 339 గ్రామాలు, చనిపోయినవారు 182, తీవ్రంగా గాయపడినవారు 505, చిత్రహింసల పాలైనవారు 3,603. ఆ బాధ నిజమైనది, దాన్ని తేలిక చేయకూడదు. కానీ అవతలివాడి చొరబాటును ఇంత నిక్కచ్చిగా లెక్క కట్టిన చేయి తన చొరబాటుకు పద్దే తెరవలేదు. బైబిలులో ఆహాబు రాజు కథ గుర్తుందా? నాబోతు ద్రాక్షతోట కోసం అతడు సైన్యాన్ని పంపలేదు. ఉత్తరాలు, దొంగసాక్షులు, ఊరి పెద్దల తీర్పు - అంతా కాగితం మీద సవ్యంగానే ఉంది. ఆ తరువాతే రాజు తోటలోకి నడిచి వెళ్లాడు.

మాటను దాచడం నేటికీ ఉంది. 1948 సెప్టెంబరులో భారత సైన్యం హైదరాబాదు సంస్థానంలో ప్రవేశిస్తే దాన్ని 'పోలీసు చర్య' అన్నాం. రజాకార్ల దౌర్జన్యాలు తెలిసినవారు ఆ ప్రవేశాన్ని విముక్తి అంటారు, వారి మాటకు బలముంది. అయినా టాంకులు వెళ్లిన చోట పోలీసు అన్న పేరెందుకు? 2022 ఫిబ్రవరి 24న రష్యా ఉక్రెయిను మీద పడి 'ప్రత్యేక సైనిక చర్య' అని పేరు పెట్టింది.

ఇక లేనిచోట ఆ మాటను అంటగట్టడం మరో రకం. 2025లో అమెరికా అధ్యక్షుడి ప్రకటనలలో సరిహద్దు దాటి వచ్చేవారిని గురించి 'దండయాత్ర' అన్న మాటే వాడారు. మన జిల్లాల పిల్లలు వేలమంది ఆ దేశంలో ఉన్నారు గనుక ఆ వార్త మనకు గుచ్చుకుంది. మరి మనమో? మిరపకాయ కోతల కాలంలో ఆదోని, కోసిగి, మంత్రాలయం వైపునుంచి కూలీలు పిల్లాపాపలతో పెదనందిపాడు, ప్రత్తిపాడు పొలాలకు వస్తారు. చేను పక్కనే పరదాలు కట్టుకొని ఉంటారు. వారిని చూసి "దండు దిగింది" అనేవారు మన ఊళ్లలో లేరా? 2021లో నల్లతామర పురుగు మిరపతోటల మీద పడినప్పుడూ దండెత్తిందనే అన్నాం. పురుగుకు అంటే దానికి తెలియదు, బాధ లేదు. కూలికి వచ్చిన తల్లికి తెలుస్తుంది.

నాకు తోచేది ఇది: 'వద్దు' అనే శక్తి ఎవరి చేతిలో ఉందో చూడాలి. ఆ కూలీలను రేపటినుంచి రావద్దని రైతు అనగలడు. కంపెనీని వద్దనే శక్తి ఇక్కడి రైతుకు లేదు. 1860 నాటి శిక్షాస్మృతి 441వ సెక్షను కూడా ఒక మంచి మాట చెప్పింది: న్యాయంగానే లోనికి వచ్చినా, తరువాత అవతలివారిని బెదిరించడానికో అవమానించడానికో అక్రమంగా నిలిచిపోతే అదీ అక్రమ ప్రవేశమే. 2024 జూలైనుంచి అమలులో ఉన్న న్యాయ సంహితలోనూ ఈ నియమం ఉంది.

ఈ కొలతను ఇంటికి కూడా తీసుకురావచ్చు. కొత్త కోడలిని కుడికాలు పెట్టి రమ్మని మనమే పిలుస్తాం. ఏడాది తిరగకముందే "వచ్చి ఇల్లంతా ఆక్రమించింది" అనే మాట వినబడుతుంది. అదే ఇంట్లో ఆమె పెట్టె తాళం ఎవరైనా తీస్తారు, ఆమెకు పుట్టింటినుంచి వచ్చే ఫోను ఎవరైనా ముందు వింటారు. వద్దని ఆ పిల్ల అనలేదు. అంటే ఎదురు చెప్పిందంటారు.