ఒకే మ్రానులో ఇద్దరు

ధ్యానభాగము: యోహాను 8:1–11, మార్కు 8:36



వరికోతలు ముగిసిన పిమ్మట మా సంఘమువారము కొందరము, పెద్దలును స్త్రీలును పిల్లలును కలిసి, హైదరాబాదు పాతబస్తీ చూచుటకు వెళ్లితిమి. అఫ్జల్‌గంజ్‌లో బస్సు దిగి, నయాపూల్ మీద మూసీ దాటి, దారుల్‌షిఫాలోని సాలార్‌జంగ్ మ్యూజియమునకు నడచితిమి. మూడవ సాలార్‌జంగ్ అయిన మీర్ యూసుఫ్ అలీఖాన్ గారును వారి పెద్దలును దేశదేశములనుండి కూర్చిన వస్తువులు అక్కడ ఉన్నవి. ఆయన 1949లో మరణించెను. 1951 డిసెంబరు 16న జవహర్‌లాల్ నెహ్రూ గారు ఆ మ్యూజియమును తెరచిరి. ఇప్పుడున్న భవనములోనికి అది 1968లో వచ్చినది.

పిల్లలు గంటల గడియారము ముందు కూర్చుండి లేవలేదు. గంట గంటకు గడ్డపు మనిషి బొమ్మ యొకటి బయటికి వచ్చి గంట కొట్టి పోవును, దానికొరకు కాచుకొనిరి. స్త్రీలు ముసుగు వేసికొన్న రిబ్కా యొద్ద నిలిచిరి. పాలరాతిలో చెక్కిన ముసుగు వెనుక ముఖము కనబడుట చూచి, ఇస్సాకు ఎదురు వచ్చినప్పుడు ఆమె ముసుగు వేసికొన్న సంగతి ఆదికాండము 24వ అధ్యాయమునుండి తమలో తాము చెప్పుకొనిరి. మేము వేరుగా వ్యాఖ్యానింపవలసిన పని లేకపోయెను.

తరువాత చూచినది కొయ్యబొమ్మ. ముందు వైపు తలమీద కుళ్లాయి, కాళ్లకు పొడుగు బూట్లు, వంకర నవ్వు, గర్వముతో ఎత్తిన గడ్డము గల పురుషుడు. వెనుక అద్దము పెట్టియున్నారు. అద్దములో చూచితిమా, అదే కొయ్యకు వెనుక ఒక చిన్నది తల వంచుకొని, చేత ప్రార్థన పుస్తకము పట్టుకొని నిలిచియున్నది. ఇద్దరిని ఒకే మ్రానులో చెక్కిరి. (సికమోర్ మ్రాను అందురు. జక్కయ్య ఎక్కిన మేడిచెట్టుకు ఇంగ్లీషు బైబిలులో ఆ పేరే యున్నది గాని, ఇది యూరపులోని వేరొక చెట్టు.) పురుషుని పేరు మెఫిస్టోఫిలిస్, చిన్నదాని పేరు మార్గరెట్టా.

మా పెద్దలలో ఒకరు మమ్మును ప్రక్కకు పిలిచి, "అయ్యగారూ, ఇది సాతాను బొమ్మ గదా, పిల్లలకు చూపవచ్చునా?" అని అడిగిరి. అంతలో ప్రక్కనున్న ఒకాయన తన వెంట వచ్చినవారికి, ప్రతి మనిషిలోను మంచియు చెడ్డయు కలిసియుండునని ఈ బొమ్మ చెప్పుచున్నదని వివరించుచుండెను. ఆ మాట అబద్ధము కాదు. అయితే ఆ బొమ్మ వెనుక నున్న కథ తెలిసినవారికి అది చాలదు. కావున కథ చెప్పెదమనియు, విన్న తరువాత పిల్లలకు చూపవచ్చునో లేదో వారే నిర్ణయింపవలెననియు ఆ పెద్దగారితో చెప్పి, బయట చెట్టునీడను అందరిని కూర్చుండబెట్టితిమి.

కట్టుకథలో దేవుని మాట వెదకవచ్చునా అని కొందరు సందేహింతురు. యోతాము గెరిజీము కొండమీద నిలిచి చెట్లు రాజును కోరుకొన్న కథ చెప్పెను. చెట్లు మాటలాడునా? నాతాను దావీదునకు చెప్పిన గొఱ్ఱెపిల్ల కథలోని ధనవంతుడు ఏ ఊరివాడు? ఆ మనుష్యుడు నీవే అను మాట వచ్చువరకు దావీదు దానిని కథ అనుకొనలేదు. పౌలు ఏథెన్సులో సువార్త చెప్పుచు గ్రీకు కవుల మాటను ఎత్తి పలికెను. మన అవ్వలు బాలనాగమ్మ కథ చెప్పినప్పుడు మాయలవాని ప్రాణము ఏడు సముద్రముల అవతల చిలుకలో ఉన్నదని వినుచు మనము నిద్ర మానితిమి గదా. ఆ చిలుక లేదని మనకు అప్పుడును తెలియును.

ఫౌస్టు అను విద్వాంసుని కథ జర్మనీ దేశపుది. అది ఫ్రాంక్‌ఫర్ట్‌లో మొదట పుస్తకముగా అచ్చయినది 1587లో, అనగా మన చార్మినారు కట్టిన 1591కి నాలుగేండ్ల ముందు. తరువాత గోథే అను కవి దానిని నాటకముగా వ్రాసి, మొదటి భాగము 1808లో ప్రకటించెను. మ్యూజియములోని బొమ్మ ఈ నాటకమును బట్టి చేసినదే.

ఫౌస్టు తత్వము, న్యాయశాస్త్రము, వైద్యము, వేదాంతము అన్నియు చదివి, ఏమియు తెలియలేదని విసిగి, ఒక రాత్రి విషము త్రాగబోవును. తెల్లవారితే ఈస్టరు. గుడి గంటలు, పునరుత్థాన కీర్తన చెవిని బడి గిన్నె దించును. అంత మేలు పొందినవాడు మరునాడే తన వెంట ఇంటికి వచ్చిన నల్లకుక్కను లోనికి రానిచ్చును. ఆ కుక్కయే మెఫిస్టోఫిలిస్. ఈ లోకములో నేను నీకు సేవ చేసెదను, అవతల నీవు నాకు చేయవలెను అని వాడు ఒడంబడిక అడుగును. ఫౌస్టు తన రక్తముతో సంతకము చేయును. మన ఊళ్లలో షావుకారు ప్రోనోటు మీద వేలిముద్ర వేసినవారికి ఈ భాగము వివరింపనక్కరలేదు. తీసికొన్ననాడు ఏమియు బరువు తోచదు. సర్వలోకము సంపాదించి ప్రాణము పోగొట్టుకొనువాని గూర్చి ప్రభువు అడిగిన ప్రశ్న ఇక్కడ అందరికి జ్ఞాపకము వచ్చును.

అయితే మేము ఫౌస్టు యొద్ద నిలువము. అద్దములోని చిన్నది మమ్మును పిలుచుచున్నది.

మార్గరెట్టా బీదయింటి పిల్ల. గుడినుండి వచ్చుచుండగా ఫౌస్టు ఆమెను చూచి కోరెను. మెఫిస్టోఫిలిస్ నగల పెట్టె తెచ్చి ఆమె బీరువాలో పెట్టెను. తల్లి చూచి, ఇది మంచి సొమ్ము కాదని పురోహితునికిచ్చెను. ఆయన, ఇది ఎవరిది, ఎక్కడిది అని అడుగక తీసికొని పోయెను. ఇతరులు ఈ చోట నవ్వుదురు. దైవసేవకులమైన మేము నవ్వలేకపోతిమి. రెండవ పెట్టె వచ్చినప్పుడు చిన్నది తల్లికి చెప్పలేదు. తల్లికి నిద్రమందని ఫౌస్టు ఇచ్చిన సీసా ఆమె ప్రాణము తీసెను. అన్న ఫౌస్టు కత్తికి బలియయ్యెను. పుట్టిన బిడ్డను ఆమె తన చేతులతో నీళ్లలో ముంచెను. మరణశిక్ష విధించి చెరసాలలో వేసిరి.

ఈ కథలో నూతియొద్ద జరుగు సంగతి యొకటి కలదు. మార్గరెట్టా కడవతో నీళ్లకు పోవును. తోటిపిల్ల యొకతె, ఊరిలో చెడిపోయిన మరొక పిల్లను గూర్చి నోరార ఎగతాళి చేయును. మార్గరెట్టా ఊరక వినును. అప్పటికే ఆమె స్థితియు అదే, ఎవరికిని తెలియదు. ఇంటికి తిరిగి పోవుచు, ఇంతకు మునుపు తానును ఈ నూతియొద్దనే ఇతరులను ఎంత కఠినముగా మాటలాడెనో తలంచుకొనును. సహోదరీలారా, మన ఊరి నూతియొద్ద కాకపోతే చేతిపంపు యొద్దనైనను ఈ మాటలు విననివారు మనలో ఉన్నారా?

కడవరి రాత్రి ఫౌస్టు తాళపు చెవులతో చెరసాలకు వచ్చును. సంకెళ్లు విడిపోవును, తలుపు తెరచియున్నది, బయట గుఱ్ఱములు సిద్ధము. తెల్లవారితే కత్తి. అంతలో తలుపునొద్ద మెఫిస్టోఫిలిస్ ముఖము కనబడును. ఆ ముఖము చూచినంతనే ఆమె, నేను రాను అని వెనుకకు తగ్గి, తన్నుతాను దేవుని తీర్పునకు అప్పగించుకొనును. వాడు ఆమె శిక్షకు పాత్రురాలైనదని పలుకును. పైనుండి ఒక స్వరము, ఆమె రక్షింపబడినదని పలుకును.

ఆమె నిర్దోషియని ఆ స్వరము చెప్పలేదు. సాతాను తెరచిన తలుపుగుండ పోయి బ్రతుకుటకంటె దేవుని చేతిలో దోషిగా నిలుచుట మేలని ఆమె యెంచుకొన్నది. సిలువమీది దొంగకు అంతకంటె ఎక్కువ ఏమి యుండెను? (1832లో కవి మరణించిన తరువాత వెలువడిన రెండవ భాగములో, ఎల్లప్పుడు ప్రయాసపడినవాడని ఫౌస్టును గూడ దేవదూతలు కొనిపోవుదురు. అది మాకు సమ్మతము కాదు. సువార్త ఆలాగు చెప్పదు.)

కుక్క సాతానగుట కల్పన. చిన్నది కల్పన కాదు. 1772 జనవరిలో ఫ్రాంక్‌ఫర్ట్ పట్టణములో సుసన్న మార్గరేత బ్రాంట్ అను సత్రపు పనికత్తె, తన పసిబిడ్డను చంపినదని తల నరికించుకొన్నది. గోథే అప్పుడు ఆ ఊరిలోనే యౌవన న్యాయవాది. ఆమె దుఃఖమే నాటకములోనికి వచ్చినదని పండితులు చెప్పుదురు. అంతటితో పోయిన బాగుండును. 1783లో వైమార్ సంస్థానములో యోహన్న హోన్ అను పనిపిల్ల అదే నేరముపై తీర్పునకు వచ్చినది. ఇట్టివారికి మరణశిక్ష మాన్పవచ్చునా అని అక్కడి ప్రభువు తన ఆలోచన సభను అడిగెను. సభ సభ్యులలో గోథే యొకడు. శిక్ష ఉండవలెనన్నవారితో అతడును ఏకీభవించెను. ఆ సంవత్సరము నవంబరులో ఆమె తల నరికిరి. మార్గరెట్టా కథ తొలి చిత్తు అప్పటికే అతడు వ్రాసి యుండెను. ఆ చిత్తులో పైనుండి వచ్చు స్వరము లేదు. 1808లో అచ్చయిన పుస్తకములో ఉన్నది.

ఇది చెప్పుచుండగా మా నోరు ఎండిపోయెను. ఎందుకనగా చాల ఏండ్ల క్రిందట మేము సేవచేసిన ఒక సంఘములో, పెండ్లికాని పిల్ల గర్భవతియైనదని పాస్టరేటు కమిటీ కూడినది. ఆమెను ప్రభువు బల్లనుండి తొలగించుటకు తీర్మానము వ్రాసిరి. పురుషుని పేరు ఎవరును అడుగలేదు. లేవీయకాండము 20వ అధ్యాయము ఇద్దరిని గూర్చి చెప్పుచుండగా, పరిసయ్యులు స్త్రీని మాత్రమే దేవాలయమునకు ఈడ్చుకొని వచ్చిరని మేమే ఎన్నోసార్లు ప్రసంగించియుంటిమి. ఆ సాయంత్రము మేమును సంతకము చేసితిమి. వారము తిరుగకముందే ఆ పిల్ల ఊరు విడిచినది.

కథ ముగిసిన తరువాత ఆ ఊరినుండి మాతో వచ్చిన ముసలమ్మ యొకామె అడిగినది: "అయ్యగారూ, జైల్లో ఉన్న ఆ పిల్లను చూడ గుడివాళ్లు ఎవరన్న పోయిండ్రా?"

లేదమ్మా, ఆ పుస్తకములో ఎవరును పోలేదని చెప్పితిమి.

ఆమె కొంతసేపు కొంగు ముడి విప్పుచు, మరల వేయుచు ఉండి, "మన పిల్ల ఈడనే ఉన్నది. లాడ్‌బజార్ ఎనుక గల్లీల గాజులకు రాళ్లు అతుకుతది. ఇంత దూరం వచ్చినం గద" అన్నది.

బొమ్మను గూర్చి అడిగిన పెద్దగారు పిల్లలను మరల లోనికి కొనిపోయి చూపెదమనిరి. మేము నలుగురము మదీనా, పత్తర్‌గట్టి, గుల్జార్‌హౌజ్ మీదుగా చార్మినారు వరకు నడచి, లాడ్‌బజారు ప్రక్క సందులోనికి తిరిగితిమి. ఒక చిన్న గదిలో నిప్పుల కుంపటి ముందు ఆమె కూర్చుండియుండెను. లక్క వేడి చల్లారక మునుపే రాళ్లు పెట్టవలెను గనుక, మమ్మును చూచినను చేతిలోని గాజు ముగించువరకు లేవలేదు. ముసలమ్మ వెళ్లి ఆమె ప్రక్కను కూర్చుండెను. చెప్పవలెనని దారిపొడుగున కూర్చుకొన్న మాటలు మాకు ఒకటియు జ్ఞాపకము రాలేదు. తప్పు మాదని మాత్రము చెప్పగలిగితిమి. ఆమె కుమారుడు బడినుండి వచ్చు వేళ అయినదని చెప్పి, చాయ్ పెట్టుటకు లేచినది.

ఆ సంఘపు కమిటీ వచ్చు నెలలో కూడును. మేము సంతకము చేసిన తీర్మానమును మరల సభయెదుట చదువవలెనని కోరుచు ఉత్తరము వ్రాసి పంపితిమి. ఇంకను జవాబు రాలేదు.