మస్అలా చెప్పాం, రోగం సంగతి అడగలేదు



కొన్నేళ్ళ క్రితం ఒక యువకుడు జుహర్ నమాజు తర్వాత మా దగ్గరకొచ్చి తల్లి తరఫున ఒక మస్అలా అడిగాడు. ఆమెకు నెలసరి ఆగిపోయి చాలాకాలమైంది. ఇప్పుడు మళ్ళీ అప్పుడప్పుడు రక్తపు మరకలు కనిపిస్తున్నాయి. నమాజు చేయవచ్చా? ఇది ఇస్తిహాజా, ప్రతి నమాజు వేళకూ వుజూ చేసుకుని నమాజు చేయాలి, మానకూడదని చెప్పాం. అతను తృప్తిగా వెళ్ళాడు. ఏడాది తిరగకముందే ఆ తల్లి జనాజా నమాజు మేమే చేయించాం. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ అట.

మేము చెప్పిన మస్అలా తప్పు కాదు. కాని సగమే చెప్పాం.

హజ్రత్ ఫాతిమా బిన్తె అబీ హుబైష్ (రజి) రక్తం ఆగడం లేదని, నమాజు మానేయాలా అని దైవప్రవక్త (స) సన్నిధిలో అడిగిన హదీసు ప్రసిద్ధమైనదే. అది నెలసరి కాదని, ఒక రక్తనాళం నుండి వచ్చేదని ఆయన (స) వివరించి, నమాజు నియమం తెలిపారు. శరీరం సంగతీ చెప్పారు, ఆరాధన సంగతీ చెప్పారు. మదరసాలో ఈ హదీసు ఎన్నిసార్లు చదివామో! రక్తనాళం అన్న మాట దగ్గర మాత్రం ఒక్కసారీ ఆగలేదు.

ఆ తల్లి కన్నకొడుకు ముందు ఆ మాట ఎత్తడానికి ఎంత నలిగిపోయిందో అల్లాహ్‌కే తెలుసు. నమాజు పోతుందన్న భయం ఆమె చేత నోరు విప్పించింది. ప్రాణం పోతుందన్న సంగతి ఆమెకెవరూ చెప్పలేదు. ధర్మం నేర్చుకోవడానికి సిగ్గు అడ్డురాని అన్సారీ స్త్రీలను హజ్రత్ ఆయిషా (రజి) మెచ్చుకున్నారు. రోగాన్ని దాచిపెట్టించే సిగ్గును హయా అని పిలవడం మనం కల్పించుకున్నదే.

మన దేశ స్త్రీలలో ఎక్కువగా కనిపించేవి రొమ్ము క్యాన్సర్, ఆ తర్వాత ఈ ముఖద్వార క్యాన్సర్. రెండోది ముదరడానికి సాధారణంగా ఏళ్ళు పడుతుంది. ఆలోగా పట్టుకుంటే చిన్న చికిత్సతో పోతుంది. 30 నుండి 65 ఏళ్ళ స్త్రీలకు ప్రభుత్వ ఆరోగ్య కేంద్రాలలో ఐదేళ్ళకొకసారి ఈ రెండు పరీక్షలూ ఉచితంగా చేయాలన్నది జాతీయ కార్యక్రమ నియమం. రొమ్మును చేతితో తడిమి చూస్తారు. ముఖద్వారం మీద పలుచని ఎసిటిక్ ఆమ్లం (మన ఇళ్ళలోని సిర్కాలో ఉండేదే) అద్ది ఒక నిమిషం ఆగుతారు. తేడా ఉన్నచోట తెల్లబడుతుంది. కోత లేదు, సూది లేదు.

ముంబయి మురికివాడల్లో టాటా మెమోరియల్ ఆసుపత్రి వారు 1998 నుండి సుమారు లక్షా 50 వేల మంది స్త్రీలతో చేసిన అధ్యయనంలో, ఈ సిర్కా పరీక్ష చేసిన ప్రాంతాల్లో ముఖద్వార క్యాన్సర్ మరణాలు 31 శాతం తగ్గాయి. ఆ పరీక్ష చేసింది పెద్ద డాక్టర్లు కారు, పదో తరగతి చదివి శిక్షణ పొందిన ఆడవాళ్ళు! పర్దా మాటేమిటని అడిగే సోదరులు ఈ సంగతి గమనించాలి. అవసరమైతే పురుష వైద్యునికి సైతం అవసరమైనంత మేరకు చూపడానికి షరీఅత్ అనుమతించింది. స్త్రీయే పరీక్షిస్తుంటే అభ్యంతరం ఎక్కడిది?

ఉచితం అన్నంత మాత్రాన ఖర్చు లేనట్టు కాదు. బీడీలు చుట్టే చెల్లెలికి ఒక పూట కూలి పోతుంది, ఆటో చార్జీ అవుతుంది, పసిపిల్లను చూసేవాళ్ళు కావాలి. అత్తగారు పొయ్యి దగ్గర నిలబడితే, భర్త ఆ పూట పిల్లల్ని పట్టుకుంటేనే ఆమె గడప దాటగలదు. నెలసరి లేని రోజు చూసుకుని వెళ్ళాలి. రొమ్ములో గడ్డ తగిలినా, నెలసరి ఆగాక గాని కలయిక తర్వాత గాని రక్తం కనిపించినా శిబిరం కోసం ఎదురుచూడక వెంటనే ఆసుపత్రికి పోవాలి. నొప్పి లేదు కదా అని ఊరుకోరాదు. ఈ గడ్డలు మొదట్లో చాలావరకు నొప్పి పెట్టవు.

ఇప్పుడు మా దగ్గరకు ఆ మస్అలా వస్తే వుజూ నియమం చెప్పి, వచ్చిన వ్యక్తిని కాసేపు కూర్చోబెడుతున్నాం. అమ్మగారి వయసెంత, ఎప్పటి నుండి కనిపిస్తోంది, డాక్టరమ్మకు చూపించారా అని అడుగుతున్నాం. కొందరు తలదించుకుంటారు. అయినా అడుగుతున్నాం.