వాసన కలిపిన గ్యాసు

కిందటి అక్టోబరులో షికాగో దగ్గర మా చెల్లెలి ఇంట్లో నెల్లాళ్ళున్నాను. వాళ్ళ హాల్లో గోడకి ఒక పొయ్యి ఉంది. పొయ్యంటే వంటపొయ్యి కాదు లెండి, చలి కాచుకునేది. ఫైర్ ప్లేస్ అంటారు. లోపల దుంగలు పేర్చి ఉంటాయి, ముందు అద్దం. మీట నొక్కగానే భగ్గున మంట! దుంగలు కాలవు, బూడిద రాలదు, కళ్ళు మండవు. తీరా చూస్తే అవి కర్ర దుంగలే కావు, సిరామిక్‌వి. మంట గ్యాసుది.

"ఎంత హాయిగా ఉందే! అమ్మ చూసి ఉంటేనా!" అన్నాను. తడికట్టెల ముందు ఊదుగొట్టం పట్టుకుని, కొంగుతో కళ్ళు తుడుచుకునే మా అమ్మ గుర్తొచ్చింది. రోజూ ఆ పొయ్యిలో బూడిదెత్తి, పేడతో అలికి, ముగ్గు పెట్టేది. ఈ పొయ్యికి ఆ చాకిరీ లేదు కదా అనుకున్నాను.

అక్కడే పప్పులో కాలేశాను. చలికాలం ముందు ఏటా ఒకసారి మెకానిక్‌ని పిలిచి దీన్ని శుభ్రం చేయించాలట. "బాగానే వెలుగుతోంది కదా అని రెండేళ్ళు ఊరుకున్నాం అక్కా" అంది చెల్లెలు. ఈసారి నేనుండగానే వచ్చాడతను. నాకు వేరే పనేముంది? కుర్చీ లాక్కుని కూర్చున్నాను.

ముందు గ్యాసు కట్టేశాడు. అంతా చల్లారిందని చూసుకుని అద్దం ఊడదీశాడు. దాని లోపలివైపు తెల్లటి పొర. కిటికీ అద్దాలు తుడిచే మందు దీనికి పనికిరాదట, వేరే ఉందట. వేడి మీద అసలు తుడవకూడదట. తర్వాత మెత్తటి బ్రష్‌తో దుంగల మీద దుమ్ము దులిపాడు. ఒక దుంగకి నల్లగా మసి! "దీన్నెవరు కదిపారు?" అన్నాడు. దుంగ కాస్త జరిగి మంటకి అడ్డమొస్తే గ్యాసు సరిగా కాలక మసి కడుతుందట. మా చెల్లెలి కొడుకు పిల్లిలా మేడెక్కేశాడు. బర్నర్ సందులో సాలెగూడు దొరికింది. ఎప్పుడూ వెలిగే చిన్న పైలట్ మంట పక్కన ఒక పుల్లలాంటిది ఉంది, థర్మోకపుల్ అంటారు. మంట వేడికి అందులో పుట్టే రవంత కరెంటే గ్యాసు దారిని తెరిచి ఉంచుతుందట. మంట ఆరితే దారి దానంతటదే మూసుకుంటుంది.

ఆఖర్న, "మీ కార్బన్ మోనాక్సైడ్ అలారం ఏదీ?" అన్నాడు. మా మరిది తల గోక్కుంటూ సొరుగులోంచి తీసిచ్చాడు. బ్యాటరీ అయిపోవచ్చి ఉండుండి కీచుమంటూ నిద్ర పాడుచేస్తోందని, గోడ నుంచి పీకి అందులో పడేశారట. మెకానిక్ నవ్వలేదు. గ్యాసు సరిగా కాలనప్పుడు పుట్టే ఆ విషవాయువుకి రంగు లేదు, వాసన లేదు. దాన్ని పసిగట్టడానికి ఆ కీచురాయే దిక్కు.

నిజానికి మండే గ్యాసుకీ సొంత వాసన లేదు. మనకి తెలిసిన ఆ కుళ్ళు కంపు కావాలని కలిపింది. 1937 మార్చి 18న టెక్సాస్‌లో న్యూ లండన్ అనే ఊళ్ళో బడి కింద గ్యాసు లీకై పోగుపడింది. వాసన లేదు కనక ఎవరికీ తెలియలేదు. పేలిపోయి సుమారు 300 మంది చనిపోయారు, ఎక్కువమంది పిల్లలే. ఆ తర్వాతే గ్యాసుకి కంపు కలపాలని అక్కడ చట్టం చేశారు. మన సిలిండర్ గ్యాసు వాసనా అలా కలిపిందే.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఆడపిల్లని మెచ్చుకోవాలంటే మనం "నోట్లో నాలుక లేని పిల్ల" అంటాం. అంటే వాసన లేని గ్యాసన్నమాట! మా చెల్లెలికి ఆ పేరే. పెళ్ళయి ఇక్కడికొచ్చిన మొదటి చలికాలం, ఒకరోజు ఫోన్ చేసి ఏడ్చింది. నేను సీరియల్ పంపే తొందరలో ఉన్నాను. "మొదట్లో అందరికీ అంతేనే, సర్దుకుపో" అన్నాను. ఆ తర్వాత పన్నెండేళ్ళు ఎప్పుడడిగినా "అంతా బాగుంది అక్కా" అనే జవాబు. నేనూ నమ్మాను. నమ్మడం నాకు సుఖంగా ఉంది కనక. అలారం పీకి సొరుగులో పడెయ్యడం అంటే ఇదే కాదూ?

అయితే ఓర్పు తప్పంటారా అని మీరడగచ్చు. అనను. పొద్దస్తమానం కీచుమనే ఇంట్లో ఎవరుండగలరు? గ్యాసులో కలిపే వాసన కూడా రవంతే. ఆ రవంతైనా లేని మంచితనాన్ని మెచ్చుకోవడం ధర్మమేనా అన్నదే నా సందేహం. నోరు మెదపకుండా భరించేవాళ్ళ గొప్ప సరే, వినకుండా తప్పించుకునేవాళ్ళ మాటేమిటి? ఓర్పుని తెగ పొగిడేవాళ్ళలో దాని వల్ల లాభపడేవాళ్ళే ఎక్కువేమో చూసుకోండి. నన్ను నేను చూసుకునే ఈ మాటంటున్నాను.

మర్నాడు కొత్త బ్యాటరీతో అలారం గోడెక్కింది. సాయంత్రం ఇద్దరం మంట ముందు టీ కప్పులతో కూర్చున్నాం.

"ఏమే, ఆ రోజు ఫోన్లో ఏం చెప్పబోయావు?" అన్నాను.

"ఏ రోజు?" అనలేదది. చాలాసేపు మంటవంక చూసింది. తర్వాత మెల్లగా మొదలుపెట్టింది.

ఏం చెప్పిందో ఇక్కడ రాయను. మధ్యలో ఒక్కసారి కూడా "సర్దుకుపో" అనలేదని, టీ రెండుసార్లు వెచ్చపెట్టుకోవలసి వచ్చిందని మాత్రం చెప్పగలను.