ఒప్పుకొనిన మాటను వెనుకకు తీసికొనవచ్చునా?

సౌలును చంపినది నేనే అని చెప్పుకొనిన అమాలేకీయుడు సమూయేలు రెండవ గ్రంథపు ఆరంభమున కనబడును. కిరీటమును, కంకణమును దావీదు ఎదుట ఉంచి అతడు బహుమానమునకు ఎదురుచూచెను. దావీదు అతని నోటిమాటనే సాక్ష్యముగా ఎంచి మరణశిక్ష విధించెను. అయితే మొదటి గ్రంథపు కడపటి అధ్యాయము ప్రకారము సౌలు తన కత్తిమీదనే పడి చనిపోయెను. తీర్పు వినిన పిమ్మట ఆ మనుష్యుడు "అయ్యా, నేను అబద్ధమాడితిని" అని ఉండినయెడల, అతడు మాట తప్పినవాడగునా, మాట దిద్దుకొనినవాడగునా?

ఇది పాతకాలపు ప్రశ్న మాత్రమే కాదు. సూరత్ ప్రాంతమున మరమగ్గములపై బ్రతుకు తెలుగువారు అనేకులున్నారు. వారిలో ఒకడు కామ్‌రేజ్‌లో ఏదో నేరారోపణపై న్యాయాధికారి ఎదుట నిలిచెననుకొందము. గుజరాతీ అంతంతమాత్రము; వాయిదా వాయిదాకు కూలి పోవుచున్నది. "ఒప్పుకో, చిన్న జరిమానాతో పోతుంది" అని ప్రక్కవాడెవడో చెప్పగా అతడు తల ఊపును. అటుపిమ్మట అప్పీలుకు పోదమన్న, మన చట్టము ప్రకారము, శిక్ష ఎంత, అది చట్టబద్ధమా అన్న అంశములపైననే తప్ప నేరనిర్ణయముపై సామాన్యముగా వీలుండదు. ఒక్క తల ఊపునకు ఎంత వెల!

ఇట్టి బేరము గుజరాత్ నుండియే సుప్రీంకోర్టు వరకు వెళ్లినది. ఒక ఆహార కల్తీ కేసులో నిందితుడు నేరము ఒప్పుకొని స్వల్పశిక్ష పొందెను; హైకోర్టు ఆ శిక్షను పెంచెను. 1980లో జస్టిస్ పి. ఎన్. భగవతి ఆ నేరనిర్ణయమును కొట్టివేసి, కేసును తిరిగి విచారణకు పంపిరి. దీర్ఘ విచారణకు జడిసి నిర్దోషి కూడ నేరము ఒప్పుకొనునన్నదే ఆయన భయము. 2006లో ఆ బేరమునకే కొన్ని నేరముల విషయమున చట్టము చోటిచ్చినది. అయినను అతడు స్వేచ్ఛగా ఒప్పుకొనుచున్నాడా అని న్యాయాధికారి ఏకాంతముగా విచారింపవలెనని నియమము.

అయితే వెనుకకు తీసికొనుటయే సత్యమని తలంపరాదు. 2009 జూలైలో అజ్మల్ కసబ్ బొంబాయి ప్రత్యేక న్యాయస్థానమున నేరము ఒప్పుకొని, డిసెంబరులో కాదనెను. న్యాయస్థానము అతని మాటపైననే ఆధారపడక సాక్ష్యమంతయు విని, 2010 మేలో దోషియని తీర్చెను.

అనువాదకునిగా నాకిక్కడ ఒక చిక్కు తోచుచున్నది. క్రొత్త నిబంధనలో ఒప్పుకొనుటకు వాడబడిన 'హోమోలోగేయో' అను గ్రీకు క్రియకు, మూలార్థమున, అదే మాట పలుకుట అని భావము. మన తెలుగు 'ఒప్పుకోలు' సమ్మతికిని చెల్లును; పెండ్లి సంబంధమును ఒప్పుకొందుము, కూలి ధరను ఒప్పుకొందుము. ఆ కార్మికుడు ఇచ్చినది సమ్మతియే కాని జరిగినదానిని పలుకుట కాదు. కనుక దానిని వెనుకకు తీసికొనుట పాపము కాదు సరికదా, అతడు చేయవలసిన ఒప్పుకోలు అదియే. స్నేహితులెంత ఒత్తిడి చేసినను యోబు లేని దోషమును ఒప్పుకొనలేదు. ఆ విషయమున దేవుడతనిని గద్దింపలేదు.

నష్టము తెచ్చు ఉపసంహరణయే నిజమైనదని కొందరందురు. 1556 మార్చి 21న ఆక్స్‌ఫర్డులో క్రాన్మర్ తాను సంతకము చేసిన పత్రములను నిరాకరించి, సంతకము చేసిన చేతినే ముందు అగ్నిలో పెట్టెను. అది గొప్ప సంగతి. కాని కామ్‌రేజ్ కార్మికునికి ఉపసంహరణ లాభమే తెచ్చును. అంతమాత్రమున అది అబద్ధము కాదు.

కష్టమంతయు నిజముగా నేరము చేసి, శిక్ష విని జంకినవాని యొద్దనే. రుజువు చేయుడని అడుగుటకును మౌనముగా నుండుటకును చట్టము అతనికి హక్కిచ్చినది; ఆ హక్కు వాడుకొనుట దోషమని నేననను. "నేను చేయలేదు" అనుట వేరు. పెద్దలు కొందరు ఈ రెంటిని ఒకటిగా కలిపివేసి, అమాయకుని జంకింతురు, దోషికి దారి చూపుదురు. అట్టివాడు మన సంఘమునకు వచ్చినయెడల, ఏది లాభమని కాక, ఏమి జరిగినదని మొదట అడుగుదము. అతని భాషలోనే అడుగుదము. పిమ్మట ఉచిత న్యాయసహాయమునకై న్యాయసేవల సంఘమునొద్దకు అతనితోకూడ మనమును నడిచి పోదము.