తాత బుల్లెట్, మేనల్లుడి చాపర్

అల్లుడా,

చాపర్ కట్టుకుంటానంటే వద్దనే మామను కాను నేను. ఆర్టీసీ ఉప్పల్ వర్క్‌షాపులో బస్సు ఛాసిస్‌ల కింద దూరి బతికినవాణ్ని. చేతికి గ్రీజు అంటించుకునే పిల్లాణ్ని చూస్తే నాకు కడుపు నిండుతుంది. వెనకింటి రేకుల షెడ్డంతా ఆగం చేసినవని మీ అమ్మ ఫోన్‌లో లొల్లి పెట్టినప్పుడు కూడా నీ వైపే మాట్లాడాను. కానీ ఫోన్ పెట్టేసే ముందు అక్క ఒక మాట చెప్పింది. నువ్వు కోయబోయేది మీ తాత బుల్లెట్ అట, 1972 నాటిది.

చాపర్ కట్టు. ఆ ఛాసిస్ మాత్రం కోయకు. నేను చెప్పదలచుకున్నది ఇంతే. ఎందుకంటావా, జర కూర్చుని విను.

ఈ చాపర్ బండ్లు ఎక్కడ పుట్టాయో నీకు నాకంటే ఎక్కువ తెలుసు. రెండో ప్రపంచ యుద్ధం ముగిశాక అమెరికాలో ఇళ్లకు చేరిన సోల్జర్లకు మిలిటరీలో మిగిలిపోయిన మోటారు సైకిళ్లు చౌకగా దొరికాయి. బరువెక్కువ బండ్లవి. మడ్‌గార్డులు కోసేశారు, అక్కరలేని రేకంతా పీకేశారు. బరువు తగ్గించడానికి షురూ అయిన పని పోనుపోను ఫోర్కు సాగదీయడం, మెడ వంచడం దాకా వచ్చింది. నువ్వు గోడకు అంటించుకున్న 1969 నాటి ‘ఈజీ రైడర్’ సినిమా బండ్లు కూడా లాస్ ఏంజెలెస్‌లో పోలీసులు వేలం వేసిన పాత హార్లీలే. వాటికి రూపం గీసిన క్లిఫ్ వాస్, చేత్తో కట్టిన బెన్ హార్డీ ఇద్దరూ నల్లజాతివాళ్లు. సినిమాలో వాళ్ల పేర్లు వేయలేదు. బండ్లు లోకమంతా తిరిగాక, చాలా ఏళ్లకు గానీ ఆ పేర్లు బయటపడలేదు. పని ఒకరిది, పేరు ఒకరిది కావడం నాకేం కొత్త కాదనుకో.

నేను గట్టిగా పట్టుకున్నది ఆ వేలం సంగతి. వాళ్లు గ్రైండర్ పెట్టినవన్నీ ఎవరూ వద్దనుకున్న బండ్లు. మీ తాత బుల్లెట్‌ను వద్దన్నదెవరు?

మద్రాసు పక్కన తిరువొత్తియూరు ఫ్యాక్టరీలో పుట్టిన బండి అది. కాస్ట్ ఐరన్ ఇంజను, 346 సీసీ, గేరు కుడికాలికి, బ్రేకు ఎడమకాలికి. మీ తాత దాన్ని స్టార్ట్ చేసేది నువ్వు చూడలేదు. కిక్కు మెల్లగా నొక్కుతూ ఆంపియర్ మీటరు ముల్లు మీదే కన్ను వేసేవాడు. ముల్లు నడిమికి రాగానే డీకంప్రెసర్ లివర్ పట్టి కిక్కు ఇంకొంచెం దింపి, లివర్ వదిలి, అప్పుడు నిండు కాలితో తొక్కేవాడు. ఒక్క తొక్కుకే అందుకునేది. తొందరపడి తొక్కినవాడి పిక్క మీదికి కిక్కు ఎదురు తిరిగేది. మీ నాన్నను అడుగు, మచ్చ చూపిస్తాడు.

ఆ బండి ఛాసిస్ గురించి ఒక్క సంగతి చెప్పాలి. ఇంజను కిందుగా తొట్టెలాగా చుట్టి వచ్చే పైపులు దానికి లేవు. ముందు నుంచి ఒక్క పైపు దిగి ఇంజను ప్లేట్ల దగ్గర ఆగిపోతుంది. అక్కడి నుంచి వెనకదాకా బరువు మోసేది ఇంజనే. అంటే ఇంజను కూడా ఛాసిస్‌లో ఒక ఎముక. వెనక షాకప్‌లు పీకేసి గట్టి పైపులు అతికిద్దామనీ, మెడ కోసి వంచుదామనీ నువ్వు గీసిన బొమ్మ అక్క నాకు వాట్సాప్‌లో పంపింది. గీత బాగున్నది. కానీ ఆ రెండు చోట్లా కోస్తే ఇంజను, మెడ, వెనక చక్రం మూడూ ఒకే వరుసలో నిలబెట్టడానికి జిగ్గు కావాలి. షెడ్డులో నేల మీద పెట్టి, కంటితో చూసి అతికితే రెండు మిల్లీమీటర్లు అటో ఇటో పోతుంది. వెల్డింగు చల్లారేటప్పుడు లాగే లాగుడు వేరే. బండి ఎప్పుడూ ఒక పక్కకే గుంజుతుంటుంది, చైను పళ్లను కొరుకుతుంటుంది, నువ్వేమో బేరింగులు మారుస్తూ కూర్చుంటావు.

మెడ వంచితే ఏమవుతుందో కాయితం మీద చూడు. మెడ గొట్టం వాలును నేల దాకా గీత గీయి. ముందు చక్రం ఇరుసు నుంచి నిట్టనిలువుగా ఇంకో గీత దించు. నేల మీద ఆ రెండింటి నడుమ దూరాన్నే ట్రెయిల్ అంటారు, బండిని సూటిగా నడిపేది అదే. ఇరుసు నుంచి నేలకు 13 అంగుళాలు, ఫోర్కును పట్టి ఉంచే టీ ఇరుసును ముందుకు నెట్టేది 2.4 అంగుళాలు అనుకుందాం. మెడ 28 డిగ్రీలు వాలి ఉంటే ట్రెయిల్ నాలుగంగుళాల చిల్లర వస్తుంది. 40 డిగ్రీలకు వంచి అదే టీ వాడితే దాదాపు ఎనిమిది. అమెరికా హైవే మీద గంటల తరబడి సూటిగా పోయేవాడికి అది హాయిగానే ఉంటుంది. నువ్వు తిరిగేది సాగర్ రోడ్డు. బొంగ్లూరు గేటు దగ్గర లారీల నడుమ మెల్లగా పోయేటప్పుడు, చౌరస్తాలో యూటర్న్ తీసుకునేటప్పుడు హ్యాండిల్ తనంతట తానే ఒక పక్కకు పడిపోతుంది, బలం పెట్టి లేపాలి. వెనక షాకప్ లేని బండి మీద మన స్పీడ్ బ్రేకర్ల సంగతి నీ నడుమే నీకు చెప్తుంది. ఇరవై ఏళ్ల వయసులో చెప్పదు, నలభైలో చెప్తుంది.

వెల్డింగు దగ్గర ఇంకా పైలంగా ఉండాలి. ట్రాక్టర్ ట్రాలీలు అతికే షాపులో పని జోరుగా చేస్తారు, కాదనను. ట్రాలీ జాయింటు విరిగితే ఇటుకలు పడతాయి, మళ్లీ అతుకుతారు. ఫోర్కు విరిగితే పడేది నువ్వు. నీళ్ల జీఐ పైపుతో ఫోర్కు పొడిగించే మొనగాళ్లున్నారు. దాని మీది జింకు పూత కాలి లేచే తెల్ల పొగ పీల్చినవాడికి ఆ రాత్రి చలిజ్వరం గ్యారంటీ. పైపు నడుమ మరలు తిప్పిన ముక్క పెట్టి సాగదీసేది ఇంకో పద్ధతి. అది అతుకు దగ్గర విరగదు, అతుకు పక్కన విరుగుతుంది. ఇనుము ఎర్రగా కాగి చల్లారిన చోట, వెల్డింగు గీత అంచును ఆనుకుని వెంట్రుకంత పగులు పుడుతుంది. పెయింటు కింద కనపడదు. గతుకు గతుక్కీ ఇంత పెరుగుతుంది. బస్సుల కింద ఆ వెంట్రుకలను వెతకడమే నా ఉద్యోగం. కిరోసిన్ రుద్ది, తుడిచి, సుద్దపొడి చల్లితే పగులున్న చోట తడి గీత తేలేది. నీకూ నేర్పుతాను, పనికొచ్చే ఇగురమే.

నువ్వు పనిచేసేది ఆదిబట్లలో. అమెరికా అపాచీ హెలికాప్టర్ల ఒళ్లు, సీ-130 విమానాల తోకలు తయారయ్యే ఊరు మన మండలంలోనే ఉందని నలుగురికీ గొప్పగా చెప్పుకుంటాను. అక్కడ ఒక్క రివెట్ కొట్టినా ఎవరు కొట్టారో, ఎవరు చూశారో కాయితం మీదికి ఎక్కాల్సిందే అని నువ్వే కదా చెప్పావు. పగలంతా ఆ క్రమంలో మెలిగినవాడివి, సాయంత్రం షెడ్డులోకి రాగానే ఆ సోయి ఎక్కడ వదిలేస్తున్నావు?

ఇక కాయితాల సంగతి. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను ప్రకారం కంపెనీ ఇచ్చిన వివరాలకు తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కేరళ కేసులో అదే మాట గట్టిగా చెప్పింది. అదే ఏడాది చట్టాన్ని సవరించి, అనుమతి లేని మార్పు ఒక్కోదానికి ఐదు వేలు జరిమానా, లేదా ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ అని రాశారు. బయటి సామాను తెచ్చి బిగించినా దాని కిందికే వస్తుంది. ఆర్‌సీ రెన్యువల్‌కు పోతే మోటారు వాహనాల ఇన్‌స్పెక్టరు ఛాసిస్ నంబరు మీద కాయితం పెట్టి పెన్సిల్ రుద్దుతాడు. ఆ నంబరు మెడ దగ్గరుంటే, నువ్వు కోసి అతికిన చోటే ఆయన చేయి పడుతుంది. నంబరు చెరిగిన బండిని ముందు దొంగబండి అనే అనుకుంటారు. అది తాత బండి అని రుజువు చేసుకునే పని నీ నెత్తిన పడుతుంది.

ఇదే చట్టం నీకు ఒక వరం కూడా ఇస్తున్నది. మొదటి రిజిస్ట్రేషన్ నుంచి యాభై ఏళ్లు దాటి, అసలు రూపంలో ఉన్న బండిని వింటేజ్‌గా నమోదు చేసుకోవచ్చని 2021 జులైలో కేంద్రం రూల్స్ ఇచ్చింది. కొత్తగా నమోదయ్యేవాటికి నంబరులో వీఏ అని వస్తుంది, ముందే రిజిస్ట్రేషన్ ఉన్నవి పాత నంబరే ఉంచుకోవచ్చు. మీ తాత బండికి వయసు నిండింది. ఛాసిస్, ఇంజను మార్చిన బండికి ఆ యోగం లేదు. ఒక చిక్కున్నది, దాచను. వింటేజ్ కింద రాయించిన బండిని రోజూ డ్యూటీకి తీసుకుపోవడం కుదరదు. ర్యాలీలకు, ప్రదర్శనలకు, పెట్రోలుకు, రిపేరుకు మాత్రమే రోడ్డెక్కాలి. అది ఒప్పుకోబుద్ధి కాకపోతే మామూలు రెన్యువల్ చేయించుకుని తిప్పుకో. ఏదైనా సరే, బండి పుట్టినట్టే ఉండాలి.

మరి చాపర్ మాటేమిటంటావు. దానికి వేరే ఎముకలు చూసుకో. గోషామహల్ వైపు తుక్కు దుకాణాల్లో పాత ఇంజన్లు, చక్రాలు, టాంకీలు గుట్టలుగా పడి ఉంటాయి. ఏది కొన్నా రసీదు, పాత ఆర్‌సీ జిరాక్సు లేకుండా ఇంటికి తేవద్దు. చౌకగా వచ్చిన ఇంజను వెనక ఎవడి ఏడుపు ఉందో తెలియదు. సీమ్‌లెస్ పైపు, బేరింగులు రాణిగంజ్‌లో దొరుకుతాయి. జిగ్గు మన షెడ్డులోనే నేనూ నువ్వూ కలిసి చేద్దాం. బహదూర్‌పురాలో సుధాకర్ గారి కార్ల మ్యూజియం చూశావు కదా. బడి రోజుల నుంచి తుక్కు ఏరుకొచ్చి బండ్లు చేసినాయన. 2005లో 41 అడుగుల 7 అంగుళాల ఎత్తు మూడు చక్రాల సైకిలు తొక్కి గిన్నిస్‌కు ఎక్కాడు. కప్పు లాంటి కారు, క్రికెట్ బ్యాటు లాంటి కారు, ఏది చేసినా మురిపెంగా చేశాడు, జనం టికెట్టు కొని మరీ చూస్తున్నారు. నీ చాపర్ కూడా అట్లా చూడముచ్చటగా ఉండే బండి కావచ్చు. కాలేజీ ఫెస్టుల్లో పెట్టు, ప్రైవేటు జాగాలో నడుపు, రోడ్డెక్కించకు. రోడ్డు మీద ఆ రూపమే కావాలంటే 2024 నవంబరులో ఎన్‌ఫీల్డ్ వాళ్లు గోవన్ క్లాసిక్ అని ఎత్తు హ్యాండిల్‌తో 350 బండి తెచ్చారు. జీతం వస్తున్నది, వాయిదాల మీద కొనుక్కో. దాని మీద పోయినా అమ్మాయిలు చూస్తారు.

టాంకీ సంగతి వేరుగా చెప్తున్నాను, దీన్ని మాత్రం నవ్వులాటగా తీసుకోకు. తుక్కులో కొన్న టాంకీ ఎండిపోయి, తుప్పు పట్టి, వాసన కూడా రాకుండా ఉంటుంది. అయినా అతుకుల మడతల్లో పెట్రోలు దాగి ఉంటుంది. మంట తగలగానే అది ఆవిరై లేస్తుంది. నిండు టాంకీ కంటే ఖాళీ టాంకీయే పేలుతుంది. దాని మీద నువ్వు వెల్డింగు పెట్టనే వద్దు. వేడినీళ్లు, సబ్బుతో పలుమార్లు కడిగి, అతికే చోటు తప్ప మిగతాదంతా నీళ్లు నింపి పని చేసే రేడియేటర్ మిస్త్రీలు ఉంటారు, వాళ్లకివ్వు. లోపలి తుప్పుకు మాత్రం గుప్పెడు నట్లు వేసి ఊపు. చేతులు నొప్పి పుట్టేదాకా ఊపు. అది నీ వయసువాడి పనే.

వైరింగు, సైలెన్సర్, రంగు గురించి తర్వాత మాట్లాడదాం. ముందు వెనక షూ లైనర్లు మార్చి, కోన్‌సెట్ కొత్తది వేసి తాత బండిని నడిచే స్థితికి తే. పాత సామాను ఏదీ పారేయకు. కిలో లెక్కన అమ్మితే వచ్చేది టీ ఖర్చు.

అన్నిటికంటే ముందు చేయాల్సింది ఇంకోటి ఉన్నది. ఆర్‌సీ ఇంకా మీ తాత పేరు మీదే ఉన్నదట. ఆయన పోయాక ఎవరూ మార్పించలేదు. ఫారం 31 నింపి, మరణ ధ్రువపత్రం జత చేసి, వారసులందరి ఒప్పుకోలు సంతకాలు పెట్టించాలి. మీ నాన్న సంతకం ఇంట్లోనే దొరుకుతుంది. మీ మేనత్తలిద్దరి దగ్గరికీ నువ్వే పోవాలి, ఒకరు యాచారంలో, ఒకరు మాల్ ఊళ్లో. ఇద్దరూ చిన్నప్పుడు ఆ టాంకీ మీద కూర్చుని చెరువు కట్ట మీద తిరిగినవాళ్లు. కాయితం ముందు పెట్టగానే సంతకం చేయరు. బండిని ఏం చేయబోతున్నావురా అని అడుగుతారు.